తడిసిన మ్యాటు

తాళం తిప్పితే కారు టిక్కుమంది. అంతే. నాగజ్యోతి ఇంకోసారి తిప్పింది. ఈసారి ఆ టిక్కు కూడా మనసు లేకుండా వచ్చింది. డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం ఒకటి మిణుకుమిణుకుమంటూ, మిగతా గొడవతో తనకు సంబంధం లేనట్టు ఉండిపోయింది.

పెరట్లో రేకుల పందిరి కింద ఉన్న ఆ తెల్లకారును ఆమె భర్త సుధీర్ పెళ్ళికి ముందు కొన్నాడు. అప్పటికే అది రెండు చేతులు మారింది. ఇప్పుడు అతను కర్నూలు వైపు సోలార్ ప్లాంటులో పనిచేస్తూ వీలున్నప్పుడు వచ్చిపోతున్నాడు. కారు ఇక్కడ నాగజ్యోతికి మిగిలింది. ఆమె బద్వేలులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఊళ్ళోకి వచ్చే ఒకే ఒక్క బస్సు, బడిలో మొదటి గంట కొట్టిన తర్వాత గానీ రాదు. స్కూటరు కొనుక్కుంటానంటే మామ ఓబుళరెడ్డి, "మా ఇంటి కోడలు స్కూటరు మీద కొంగెగరేసుకుంటా పోతాదా?" అని ఆ మాటను అక్కడే తుంచేశాడు. కారైతే మర్యాద. దానికి అద్దాలుంటాయి. అందుకని ఆమె ఉద్యోగమంతా ఈ ముసలి కారు మీదే నిలబడి ఉంది. అదేమో మార్చిలో ఒంటిపూట బడులు పెట్టినప్పటి నుంచి పొద్దున్నే లేవడం మానేసింది.

పసుపు ఉడకబెట్టే పనికి వచ్చిన మనుషుల్ని మళ్ళీ పిలవాల్సి వచ్చింది. వాళ్ళు నవ్వుకుంటూ వచ్చి వెనక చేతులు పెట్టారు. ఆమె సెకండ్ గేరులో వేసి క్లచ్చు తొక్కిపట్టి కూర్చుంది. ఓబుళరెడ్డి పెరటి అరుగు మీద వేపపుల్ల నములుతూ చూస్తున్నాడు. వంటింటి గడపలో అత్త కృష్ణవేణమ్మ నిలబడి ఉంది. ఆమె నడుముకు దోపుకున్న తాళాల గుత్తి కదిలినప్పుడల్లా గలగలమంటుంది. ఆ ఇంట్లో ఆమె నోటికంటే ఆ గుత్తి ఎక్కువ మాట్లాడుతుంది.

"నిల్చు," అన్నాడు ఓబుళరెడ్డి కారు కదలబోతుండగా. "ఈ వారంలో ఇది ఎన్నోసారి మే? ఊరంతా మా కారును తోసేదానికే పుట్టినారా? సోమవారం పొద్దున మైదుకూరు నుంచి పెద్ద ఈరన్న వస్తాండాడు. పాత ఇనుము కింద ఇచ్చేస్తా దీన్ని."

"మామా, బడి..."

"బడికేమి? నువ్వు పోకుంటే మూసేస్తారా? చేసింది చాలు." భార్య వైపు తల తిప్పాడు. "నే చెప్పేది తప్పా?"

"తప్పేముండాది," అంది కృష్ణవేణమ్మ, నేల చూస్తూ.

నాగజ్యోతికి మామ మాట కంటే ఆ జవాబు మీద ఒళ్ళు మండింది. ఈవిడ ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, వేరే మాట అంటే ఏం పోయింది? క్లచ్చు వదిలింది. కారు దగ్గి, ఊగి, పొగ కక్కి బయల్దేరింది. బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ కృపమణి వరండాలోనే నిలబడి ఉంది. ఆమె కోప్పడలేదు, అదే భయం. "సోమవారం నుంచి రివిజన్. మొదటి పీరియడ్‌కి నువ్వు లేకపోతే ఏడో తరగతి వేరేవాళ్ళకి ఇస్తాను. ఆ తర్వాత నీకిక్కడ పనేముంటుందో నువ్వే చెప్పు," అంది.

బడి అయ్యాక నాగజ్యోతి ఇంటికి పోకుండా నేరుగా హుసేన్ వలి షాపుకి పోయింది. బద్వేలు బయట, టైర్ల అంగడి పక్కన అతని ఆటో ఎలక్ట్రికల్ షాపు. హుసేన్ వలికి చేతికంటే నోరు ముందు నడుస్తుంది. బానెట్ ఎత్తకముందే జబ్బు పేరు చెప్పేస్తాడు, ఎత్తాక మారుస్తాడు.

"డైనమో పోయింది టీచరమ్మా," అన్నాడు. డైనమో ఊడదీసి, విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, "డైనమో బాగానే ఉండాది," అన్నాడు. తర్వాత సెల్ఫ్ మోటారు అన్నాడు. అదీ కాదు. బ్యాటరీ టెర్మినళ్ళ మీద పట్టిన తెల్లటి చిలుమును వేడినీళ్ళు పోసి కడిగాడు. ఎర్తు వైరు విప్పి, దాని కింద తుప్పును ఎమెరీ కాగితంతో రుద్దాడు. అప్పటికీ అనుమానం తీరక టెస్టు బల్బు తెచ్చాడు.

"ఇట్ల చూడు. అన్నీ ఆపేసినా. బ్యాటరీకి, వైరుకు మధ్యన ఈ బల్బు పెడతాండా. ఇది వెలిగిందంటే, బండి నిద్రపోతాండేటప్పుడు గూడా ఏదో ఒకటి కరెంటు తాగతాండాదని అర్థం."

ఇద్దరూ బల్బు వైపు వంగి చూశారు. అది వెలగలేదు. అతను ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి, పెట్టి, మళ్ళీ చూశాడు. వెలగలేదు.

"ఏదీ తాగడంల్యా," అన్నాడు, కొంచెం నొచ్చుకున్నట్టు.

లేవబోతూ డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టి ఆగాడు. కాళ్ళ కింద వేసిన మ్యాటు అంచు ఇంకా చెమ్మగా ఉంది. వేళ్ళ మధ్య రుద్దాడు, వాసన చూశాడు. "రేడియేటరులో పోసే కూలెంట్ అయితే పచ్చగా ఉంటాది, జారతాది. బ్రేకాయిలైతే రంగు తింటాది. ఇది ఉత్త నీళ్ళు. అద్దం రబ్బరులో నుంచి దిగినట్టుండాది. వాన పడిందా?"

"దీపావళి తర్వాత చుక్క పడిందా అన్నా మనకు?"

"అయితే నువ్వే కడిగింటావు."

"తాగేదానికే లేవు, కారు కడుగుతానా?"

హుసేన్ వలి తల గోక్కుని కారు కిందికి దూరాడు. అక్కడ రేడియేటరు కింది పైపు దగ్గర పచ్చటి చుక్క ఒకటి వేలాడుతూ కనిపించింది. మనిషికి ప్రాణం లేచొచ్చింది. "ఇదో, దొరికింది. క్లిప్పు వదులైంది. ఇదే గాలికి ఎగిరి యాడాడనో పడతాండాది. వైర్ల మీద గూడా ఇదే చిందింటాది." క్లిప్పు మార్చాడు. కూలెంట్ పోశాడు. ఒక తప్పు కళ్ళబడితే చాలు, కనబడని వాటన్నిటినీ తెచ్చి దాని నెత్తినే పెట్టడం హుసేన్ వలి ఒక్కడికే ఉన్న అలవాటు కాదు. నాగజ్యోతి కూడా సంతోషంగా నమ్మింది. బ్యాటరీని పొద్దు వాలే దాకా ఛార్జింగు పెట్టించుకుని ఇల్లు చేరింది.

శుక్రవారం పొద్దున కారు ఒక్క తిప్పుకే లేచింది. ఓబుళరెడ్డి ముఖంలో సంతోషమేమీ కనిపించలేదు. నాగజ్యోతి టైముకి బడికి పోయింది, ఎర్రటి ఎండలో ఇంటికి తిరిగొచ్చింది. కారును పందిరి కింద పెట్టి, తాళం ఎప్పటిలాగే వంటింటి గోడ మేకుకు తగిలించింది. ఆ ఇంట్లో తాళాలు మగవాళ్ళు ముట్టరు. "మొలకు తాళాలు కట్టుకోని తిరిగే మొగోణ్ణి కాదు నేను. గాదెదైనా బీరువాదైనా అన్నీ ఆడమనిషి కాడనే," అని ఓబుళరెడ్డి నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాడు. కారు తాళం ఒక్కటే కొత్తగా వచ్చింది కాబట్టి మేకుకు వేలాడుతోంది.

శనివారం పొద్దున కారు మళ్ళీ టిక్కుమంది.

ఈసారి ఆమెకు ఏడుపొచ్చింది. తోసేవాళ్ళు వచ్చేదాకా స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చుంది. అద్దంలోంచి చూస్తే అరుగు మీద మామ. వంటింటి గడపలో అత్త. ఈ ఇద్దరి మధ్య ఒక పందిరి, ఆ పందిరి కింద కదలని కారు, కారులో తను. సోమవారం తర్వాత ఇంక ఇంతే అనిపించింది. పొద్దున కసువు ఊడ్వడం, మధ్యాహ్నం వంట, సాయంత్రం మళ్ళీ వంట, ఎవరైనా పిలిస్తే పలకడం. గబగబా అద్దం దించుకుంది. ఆ రోజు బడికి చేరేసరికి మొదటి పీరియడ్ సగమైపోయింది. కృపమణి ఆమెను చూసి గడియారం వైపు చూసింది, అంతే.

మధ్యాహ్నం ఫోను చేస్తే హుసేన్ వలి, "రాత్రి బ్యాటరీ వైరు ఊడదీసి పండుకో. అప్పుడు గూడా ఛార్జి దిగిందంటే బ్యాటరీకే రోగం," అన్నాడు.

నాగజ్యోతికి వేరే అనుమానం పుట్టింది. మామ తెల్లవారుజామునే లేస్తాడు. కారు పోవాలని ఆ ఇంట్లో కోరుకునేది ఆయనొక్కడే. చీకటి పడే ముందు స్పానరుతో వైరు విప్పి, దాని కొసను పాత జాకెట్టు పీలికతో చుట్టి, తనకు మాత్రమే తెలిసిన ముడి వేసింది. ఎవరు ముట్టుకున్నా తెలిసిపోతుంది.

ఆదివారం పొద్దున చూస్తే ముడి వేసింది వేసినట్టే ఉంది. వైరు బిగించి తాళం తిప్పింది. టిక్కు.

ఆమె బానెట్ ముందే నిలబడిపోయింది. రాత్రి వైరే లేదు. వైరు లేకుండా కరెంటు ఎక్కడికీ పోదు. బ్యాటరీకే రోగమనుకుంటే, గురువారం ఛార్జింగు పెట్టినాక తెల్లారి ఎంత బాగా లేచింది? అంటే రాత్రికి ముందే ఎవరో తాగేశారు. తను బడి నుంచి వచ్చిన తర్వాత, వైరు విప్పడానికి ముందు. మధ్యాహ్నం. మరి గురువారం మధ్యాహ్నం? కారు హుసేన్ వలి షాపులో ఉంది. రెండు పూటలూ బడి ఉన్నన్నాళ్ళూ కారు మధ్యాహ్నాలు ఇంట్లోనే లేదు. ఒంటిపూట మొదలయ్యాకే కదా రోగం మొదలైంది. పిల్లలకు ఎన్ని లెక్కలు చెప్పింది తను, ఈ ఒక్క లెక్క ఇన్నాళ్ళూ తట్టలేదు.

తలుపు తీసి మ్యాటు ఎత్తి చూసింది. పైకి ఆరిపోయి ఉంది. అంచున తెల్లటి పొర కట్టింది, గోటితో గీరితే పొడిలా రాలింది. ఈ పొర ఆమెకు బాగా తెలుసు. ఇంట్లో బిందె అడుగునా, స్నానాల గది గోడకూ ఇదే. వాళ్ళ బోరు నీళ్ళు ఎక్కడ పడినా ఉప్పు విడిచిపెట్టి పోతాయి. అద్దం రబ్బరూ కాదు, రేడియేటరూ కాదు. ఇవి ఇంటి నీళ్ళు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఓబుళరెడ్డి హాల్లో మంచం మీద వాలి, టీవీ పెట్టుకునే నిద్రపోయాడు. నాగజ్యోతి తన గదిలో పడుకున్నట్టు నటించింది. కాసేపటికి వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. గుత్తి గలగల వినిపించి, మధ్యలోనే ఎవరో చేత్తో పట్టి నొక్కినట్టు ఆగిపోయింది. నాగజ్యోతి లేచి చూసింది. గోడ మేకుకు తాళం లేదు.

పెరట్లో రేకుల కింద వేడి చెంప మీద కొట్టినట్టుంది. కారు అద్దాలు సగం దించి ఉన్నాయి. డ్రైవరు సీట్లో కృష్ణవేణమ్మ కూర్చుని ఉంది. నెత్తిన బోరు నీళ్ళలో ముంచిన తువ్వాలు, దాని కొసల నుంచి నీళ్ళు మోకాళ్ళ మీదికీ, అక్కడి నుంచి మ్యాటు మీదికీ జారుతున్నాయి. ఫ్యాను నీరసంగా తిరుగుతోంది. ఇంజనును లేపడానికి చాలని కరెంటు ఆ ఫ్యానుకు చాలుతోంది. కడప రేడియోలో ఎవరో సన్నగా పాడుతున్నారు. ఆమె కళ్ళు మూసుకుని, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని ఉంది.

నాగజ్యోతికి ముందు కోపమే వచ్చింది. దొరికిపోయావు అనుకుంది. ఇంతకాలం తన గొంతు మీద కాలు పెట్టింది ఈవిడన్నమాట. మామను లేపుకొచ్చి చూపిస్తే చాలు, కారుకు ఏ రోగమూ లేదని తేలిపోతుంది. తలుపు మీద చెయ్యి వేసింది. ఆ చప్పుడుకి కృష్ణవేణమ్మ కళ్ళు తెరిచి, గబుక్కున రేడియో ఆపింది. అది దొంగ భయం కాదు. బడిలో బల్ల కింద దాక్కున్న పిల్లను పట్టుకుంటే ముఖంలో కనిపించే భయం.

"మీ మామ లేసినాడా?"

"లేదత్తా."

"చెప్తావా?"

నాగజ్యోతి తలుపు మీద నుంచి చెయ్యి తీసింది. అటువైపు తిరిగి పోయి పక్క సీట్లో కూర్చుంది. సీటు కాలుతోంది.

"వంటింట్లో దీనికంటే చల్లగా ఉంటాది కదత్తా."

"ఉంటాది. ఆడ కూసుంటే పిలుస్తాడు. హాల్లో కూసుంటే పిలుస్తాడు. పెరట్లో కూసున్నా, ఏం చేస్తాండావ్ అంటాడు." ఆమె తువ్వాలు తీసి పిండబోయి, మ్యాటును చూసి ఆగింది. "ఈ ఇంట్లో గదులన్నిటికీ తాళాలు నా కాడ ఉండాయి జ్యోతీ. నేను తలుపేసుకునే గది ఒక్కటీ లేదు. ఇది చూడు, ఈడ ఒత్తితే మూసుకుంటాది." కిటికీ అంచున లాకు బుడిపెను వేలితో నొక్కి చూపించింది. "ఈ కారు వచ్చిననాటి నుంచి ఎప్పుడెక్కినా ఆస్పత్రికో చావుకో. అదీ వెనక సీట్లో, ఇద్దరి మధ్యన. ముందర కూసుంటే ఎట్లుంటాదో చూద్దామని ఒకనాడు కూసుంటి."

"ఫ్యాను వేస్తే బ్యాటరీ దిగిపోతుందత్తా. అందుకే పొద్దున స్టార్టు కావడం లేదు."

కృష్ణవేణమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "ఇంజను ఆన్ చేయలేదే. చేస్తే పెట్రోలు కాలతాదని, నీకు తక్కువైతాదని, నేను ఒట్టి ఫ్యానే గదా..." రోజూ గడపలో నిలబడి చూసింది ఆమె, కారును తోయడం. చెయ్యి స్టీరింగు మీద నుంచి జారి ఒళ్ళో పడింది. "అయితే నిన్ను ఆపింది నేనా?"

నాగజ్యోతి తడిసిన మ్యాటు వైపు చూసింది.

"ఇంగ కూసోను లే," అంది కృష్ణవేణమ్మ. ఫ్యాను ఆపి, తాళం తీసి కోడలి చేతిలో పెట్టి, తడి తువ్వాలును కొంగు కింద దాచుకుని వంటింటి వైపు నడిచింది. నాగజ్యోతికి ఆ సంగతి ఎవరికో చెప్పుకోవాలనిపించింది, ఎవరికీ చెప్పకూడదనీ అనిపించింది. సుధీర్‌కి ఫోను చేయబోయి మానుకుంది. చేస్తే అతను, "నాయన చెప్పినట్టు చెయ్యి," అంటాడు. అంతకు మించి ఎప్పుడన్నాడు కనుక?

సాయంత్రం హుసేన్ వలి బండి మీద బ్యాటరీ కట్టుకుని వచ్చాడు. వైర్లు కలిపి కారు లేపి, "రోగం దొరికిందా?" అని అడిగాడు.

"దొరికిందన్నా. కారులో లేదు." ఒక క్షణం ఆగి అడిగింది. "ఇంజను లేకుండా ఫ్యాను ఎంతసేపు తిరగొచ్చు?"

"ఈ వయసు బ్యాటరీకా? సినిమాలో ఇంటర్వెల్ దాకా కూడా రాదు. ఫ్యాను కావాల్నంటే ఇంజను ఆన్‌లో ఉండాల. ఏమి, మీ ఇంట్లో ఎలకలు ఫ్యాను ఏసుకోని పండుకుంటాండాయా?" అని తన మాటకు తనే నవ్వుకుని, ఆమె నవ్వకపోయేసరికి బ్యాటరీ కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆమె కారును పొద్దు గూకే దాకా మైదుకూరు రోడ్డు మీద ఊరికే తిప్పింది.

సోమవారం పొద్దున్నే పెద్ద ఈరన్న చిన్న లారీ వేసుకుని వచ్చాడు. పెరటి వైపే దిగి, తాడు భుజాన వేసుకుని, కారు చుట్టూ తిరిగి టైర్లను తన్ని చూశాడు. నాగజ్యోతి తాళం తిప్పింది. కారు ఒక్క ఊపులో లేచింది. ఇంజను మెత్తగా తిరుగుతుంటే ఈరన్న తాడు కిందికి దించాడు.

"ఏమప్పా రెడ్డీ, మంచి బండిని ఇనుమంటావే?"

ఓబుళరెడ్డి ముఖం మాడిపోయింది. "మరి ఇన్నాళ్ళూ ఏమైండె దీనికి?" అని కోడల్ని అడిగాడు.

వంటింటి గడపలో గుత్తి చప్పుడు ఆగింది. ఆ వైపు చూడకుండానే నాగజ్యోతికి తెలిసింది, అత్త అక్కడ నిలబడి ఉంది.

"తప్పు నాదే మామా. ఫ్యాను ఆపడం మరిచిపోతాండా."

ఓబుళరెడ్డికి కావలసింది దొరికింది. "విన్నావా ఈరన్నా? కారుకు రోగం ల్యా, నడిపే మనిషికి మతి ల్యా." కారు దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు. "ఈపొద్దు పోయిరా. వస్తానే తాళం నా చేతికియ్యి. రేపట్నుంచి నేనిచ్చిననాడు పో, ఇయ్యని నాడు ఇంట్లో ఉండు."

ఇంజను తిరుగుతూనే ఉంది గానీ నాగజ్యోతికి కారు నేలలోకి దిగబడిపోయినట్టు అనిపించింది. బండిని కాపాడుకుంది, తనను మరింత లోపలికి తోసుకుంది. అది కూడా తన నోటితోనే. చాపిన ఆ చెయ్యి కిటికీలోంచి ఇంకా వెనక్కి పోలేదు.

"ఈరన్నా," అంది కృష్ణవేణమ్మ.

అందరూ తిరిగి చూశారు. ఆమె గడప దాటి, ఎండలోకి వచ్చి నిలబడింది. మొగుడి వైపు చూడలేదు. ఆ మాటలన్నీ ఈరన్నకే చెబుతోంది.

"శానా ఏండ్లుగా వస్తాండావు మా ఇంటికి. ఈ ఇంట్లో తాళాలు ఎవరి కాడుంటాయో నీకు తెల్దా?"

ఈరన్న అటూ ఇటూ చూశాడు. "నీ కాడనే కదమ్మా. రెడ్డి ఎప్పుడూ చెప్తానే ఉంటాడు."

"మొగోళ్ళు మొలకు తాళం కట్టుకుంటే నలుగురూ నవ్వరా? కారు తాళం గూడా దీంట్లోనే ఉంటాది." నడుము నుంచి గుత్తి తీసి, ఇనుప రింగును గోటితో విప్పి పట్టుకుంది. "పొద్దున నేనే ఇస్తా. వచ్చినాక నాకే ఇస్తాది."

ఓబుళరెడ్డి నోరు తెరిచాడు. ఈరన్న తాడు చుట్టుకుంటూ నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ నవ్వు ఎవరి మీద పడుతుందో ఓబుళరెడ్డికి తెలుసు. చాపిన చేతిని ఏం చేయాలో తోచక కారు పైకప్పు మీద రెండుసార్లు తట్టి, "పో, పో, ఇంగ టైమైతాంది," అన్నాడు.

ఆమె బడికి చేరేసరికి పిల్లలు ఇంకా గేటు దగ్గర ఆడుకుంటున్నారు. కృపమణి గడియారం చూడలేదు.

మధ్యాహ్నం ఇల్లు చేరాక నాగజ్యోతి తాళం తీసి అత్త చేతిలో పెట్టింది. కృష్ణవేణమ్మ దాన్ని గుత్తికి తగిలించి, గాదె తాళానికీ బీరువా తాళానికీ మధ్యకు జరిపింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఇంజను ఆన్ చేసేది ఎట్లనో ఒక తూరి చూపీ."

పందిరి కింద నాగజ్యోతి చూపించింది. గేరు ఇక్కడ ఉండాలి. ఈ బ్రేకు లాగి ఉండాలి. కాలు దేని మీదా వద్దు. ఇంతవరకు తిప్పితే ఫ్యాను, ఇంకొంచెం తిప్పితే ఇంజను. కృష్ణవేణమ్మ తల ఊపుతూ విన్నది. నాగజ్యోతి దిగి వంటింట్లోకి వచ్చి, తన టిఫిను డబ్బా తోముకోసాగింది.

కారు లేచింది. హాల్లో టీవీ మాటల మధ్య మంచం కిర్రుమంది.

"ఎవరది బండి కాడ?" అని కేకేశాడు ఓబుళరెడ్డి.

నాగజ్యోతి డబ్బా తోముతూనే ఉంది. పెరట్లో కారు తలుపుకు లాకు బుడిపె పడిన చప్పుడు సన్నగా వినిపించింది.

"నేనే," అంది కృష్ణవేణమ్మ గొంతు, లోపలి నుంచి.